గోల్ఫ్‌లో బంతిని కొట్టాలా, క్లబ్‌ని (గోల్ఫ్ కర్రని) తిప్పాలా? ఇద్దరు కోచ్‌ల మధ్య నలిగిపోతున్నా

బోగీబండి:
అందరికీ నమస్కారం. ఊరు తెనాలి, ఉండేది బెంగళూరు మారతహళ్ళి. వయసు 39. కాలేజీలో క్రికెట్ ఆడేవాణ్ణి, ఏడాదిన్నరగా వారానికి రెండుసార్లు గోల్ఫ్ రేంజ్‌కి (బంతులు కొట్టి సాధన చేసే చోటికి) వెళ్తున్నా.

నా గొడవ ఇది. మొదటి కోచ్ "చేతులు తాళ్ళనుకో, క్లబ్ బరువును తిరగనివ్వు, బంతి దానంతటది దారిలో తగులుతుంది" అని నేర్పాడు. ఏడాది అలాగే ఆడాను. తర్వాత ఆయన ఊరు మారిపోయాడు. కొత్తాయన మొదటి రోజే చూసి "ఇది గోల్ఫ్ కాదు, డాన్స్. కుడి చేత్తో కొట్టవయ్యా బంతిని" అన్నాడు. ఇప్పుడు నా 7 ఐరన్ (ఇనప తల ఉన్న ఒక క్లబ్) సగం తాడు, సగం సుత్తి. ఒకటి తిన్నగా వెళ్తే రెండు కుడివైపు వల మీద పడుతున్నాయి. నేను వస్తే పక్క బే వాళ్ళు కుర్చీ జరుపుకుంటున్నారు.

హిట్టింగ్ మంచిదా, స్వింగింగ్ మంచిదా? రెండూ చేసి చూసినవాళ్ళు చెప్పండి. దయచేసి వీడియో లింకులు పెట్టొద్దు, అవి చూసీ చూసే ఈ గతి పట్టింది.

మంచె మీద తాత:
బాబూ, మీ మొదటి కోచ్ చెప్పిందే సరి. మాది మదనపల్లె దగ్గర పల్లె. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టల్ని తోలేవాణ్ణి. వడిసెల తిప్పేటప్పుడు చెయ్యి చేసేది చిన్న సున్నా. రాయికి వచ్చే వేగం మాత్రం చెయ్యి ఎన్నటికీ అందుకోలేనిది. అక్కడ రాయిని "కొడదాం" అని భుజం బిగించావా, అది నీ కాళ్ళ దగ్గరే పడుతుంది.

ఎర్నెస్ట్ జోన్స్ అని ఇంగ్లండ్ ప్రొఫెషనల్ ఒకాయన మొదటి ప్రపంచ యుద్ధంలో మోకాలి కింద కుడికాలు పోగొట్టుకున్నాడు. ఒంటికాలితో మళ్ళీ ఆడటం మొదలుపెట్టాడు, తర్వాత అమెరికా వెళ్ళి పేరున్న గురువయ్యాడు. ఆయన పాఠం చేతిరుమాలు చివర చిన్న కత్తి కట్టి ఊపడం. ఊపితే రుమాలు బిగిసి నిలుస్తుంది, తోస్తే ముడుచుకుపోతుంది. మీరు తువ్వాలు చివర ముడి వేసి చేసి చూడండి, ఖర్చు లేదు. తాడును లాగగలం గానీ తోయలేం కదా.

కుడిచేతి వాటం:
తాతగారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా, క్లబ్ తాడు కాదు. దానికి గట్టి షాఫ్ట్ (కాడ) ఉంది. తాడును తోయలేం, గొడ్డలిని తోయగలం. కట్టెలు కొట్టేవాడు గొడ్డలిని ఊపి వదిలేస్తాడా? చివర్లో వెనక చెయ్యి నెట్టుతుంది.

ఈ తాడూ గొడ్డలీ పోలిక నాది కాదు. సియాటెల్‌లో హోమర్ కెల్లీ అనే ఆయన 1969లో 'ది గోల్ఫింగ్ మెషిన్' అని పుస్తకం వేశాడు. హిట్టింగ్, స్వింగింగ్ అని గీత గీసి రెండిటికీ విడివిడిగా లెక్క కట్టింది ఆయనే. స్వింగర్ ఎడమ చేత్తో క్లబ్‌ని లాగుతాడు, బలం ఒళ్ళు తిరగడం నుంచి వస్తుంది. హిట్టర్ మడిచిన కుడి మోచేతిని చాపుతూ క్లబ్‌ని నెడతాడు. స్వింగర్‌కి బంతి దగ్గర క్లబ్ ముఖం (బంతిని తాకే పక్క) ఎక్కువ తిరుగుతుంది, హిట్టర్‌కి తక్కువ. ఆయన ఒకటి మంచిది, ఇంకోటి చెడ్డది అనలేదు. కలపొద్దు అన్నాడు.

నాకు 46, రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో. నడుం తిరగదు. తిరగని నడుంతో స్వింగ్ చేయమంటే ఎలా అండీ? నెట్టడం మొదలుపెట్టాకే నా బంతి నేల వదిలింది.

హాఫ్ మిల్లీసెకండ్:
నేను ఫిజిక్స్ చెప్తాను (ఇంజినీరింగ్ కాలేజీలో), గోల్ఫ్ ఆడేది ఆదివారాలే. కాబట్టి నా స్కోరు అడగొద్దు.

క్లబ్ బంతిని తాకి ఉండేది దాదాపు 0.0005 సెకను. క్లబ్ తల గంటకు 100 మైళ్ళ వేగంతో వస్తే ఆ కాసేపట్లో ముందుకు జరిగేది రెండు సెంటీమీటర్లు. ఆ రెండు సెంటీమీటర్లలో మీ కుడి చెయ్యి ఎంత నెట్టినా ఆ నెట్టు షాఫ్ట్ మీదుగా తల దాకా చేరేలోపు బంతి వెళ్ళిపోయి ఉంటుంది. 46 గ్రాముల బంతిని సుమారు 200 గ్రాముల డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) తల గుద్దుతుంది, తల వేగంలో మూడోవంతు పోతుంది. లెక్కంతా ఆ రెండు బరువులదే, చేతులది కాదు.

బ్రిటన్‌లో కాక్రన్, స్టాబ్స్ బృందం 1968లో అచ్చువేసిన పరిశోధనలో దీన్ని చేసే చూశారు. క్లబ్ తలకి కాస్త పైన, షాఫ్ట్‌లో మడత బందు పెట్టిన డ్రైవర్‌తో కొట్టించారు. అంటే ఆ క్షణంలో చేతులకీ తలకీ గట్టి సంబంధం లేనట్టే. బంతి ఇంచుమించు మామూలు దూరమే వెళ్ళింది. కాబట్టి "బంతి గుండా నెట్టడం" అనే హిట్టర్ గర్వం ఉత్తదే. సారీ.

మంచె మీద తాత:
అమ్మా, మీరు నా మనవరాలి వయసు వారనుకుంటాను. చల్లగా ఉండండి!

హాఫ్ మిల్లీసెకండ్:
తాతగారూ, ఆగండి, మీకూ ఉంది. క్లబ్ మామూలు తాడు కాదని ఆయనన్నది నిజమే. చేతులు ఒక లోలకం, క్లబ్ దానికి తగిలించిన ఇంకో లోలకం. కానీ మణికట్టు దగ్గర మనిషి బలం కూడా పెడతాడు. ఆ బలం ఎప్పుడు పెట్టాడన్నదే అసలు సంగతి. మరీ ముందే పెడితే క్లబ్ ముందే విప్పుకుని, బంతి దగ్గరికొచ్చేసరికి వేగం తగ్గుతుంది. దీన్నే మీరంతా కాస్టింగ్ అంటారు.

పైగా డౌన్‌స్వింగ్ (క్లబ్‌ని పైనుంచి బంతి దాకా దింపడం) మొత్తం పావు సెకను. "ఇప్పుడు కొట్టాలి" అని మధ్యలో అనుకోవడానికే అంత టైమ్ పడుతుంది. అందుకే ఏం చేయాలో పైనున్నప్పుడే తేలిపోయి ఉండాలి.

కుడిచేతి వాటం:
మేడమ్, ఒప్పుకుంటా, తాకిన ఆ క్షణంలో నా చెయ్యి ఏమీ చేయదు. కానీ బంతి దాటాక కూడా నెడుతున్నాననే ఉద్దేశం ఉంటే బంతికి ముందు చెయ్యి నెమ్మదించదు. రోకలి వేసేవాళ్ళు వడ్ల మీదకి కాదు, రోటి అడుగుకి గురిపెడతారు. ఇదీ అంతే. ఫిజిక్స్ వేరు, ఒంటికి చెప్పుకునే మాట వేరు.

చిర్రగోనె:
వరంగల్ నుంచి వచ్చి సర్జాపూర్‌లో ఉంటున్న. ఇంత సిద్ధాంతం ఎందుకన్నా? 1982 బ్రిటిష్ ఓపెన్, రాయల్ ట్రూన్. బాబీ క్లాంపెట్ ఈ కెల్లీ పద్ధతిలో తయారైన పిల్లగాడు. మొదటి రెండు రోజులు 67, 66 (గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత మంచిది). ఐదు షాట్ల లీడ్. మూడోరోజు ఆరో హోల్‌లో బంకర్ల (ఇసుక గుంటల) పాలై 8 కొట్టిండు. ఆఖరి రెండు రౌండ్లు 78, 77. టామ్ వాట్సన్ గెలిచిండు, క్లాంపెట్ పదో స్థానంలో మిగిలిండు. తలలో పుస్తకం పెట్టుకుని ఆడితే ఇంతే.

కుడిచేతి వాటం:
తమ్ముడూ, ఆ 67, 66 కూడా అదే పుస్తకంతో కొట్టినవే కదా! బంకర్‌లో పడ్డందుకు పద్ధతిని తిడతావా? 2020లో వింగ్డ్ ఫుట్‌లో యూఎస్ ఓపెన్ గెలిచిన బ్రైసన్ డిషాంబో కూడా ఆ పుస్తకం చదివి తయారైనవాడే.

చిర్రగోనె:
సరే, అది ఒప్పుకుంటా. కానీ మన ఊరి సంగతే చూడండి. బిడది దగ్గర ఈగల్టన్ గోల్ఫ్ కోర్స్‌లో చిక్కరంగప్ప క్యాడీగా (ఆటగాళ్ళ క్లబ్బుల సంచి మోస్తూ) మొదలై ప్రొఫెషనల్ అయిండు. వచ్చినోళ్ళ ఆట చూసి నేర్చుకున్నోడికి హిట్టింగా స్వింగింగా అని ఎవరు చెప్పిన్రు? అదితి అశోక్ సంగతి సరే సరి. టోక్యో ఒలింపిక్స్‌లో డ్రైవర్ దూరంలో అందరికన్నా వెనక ఉండి కూడా ఒక్క షాట్ తేడాతో మెడల్ పోయింది, నాలుగో స్థానం. దూరం కోసం కొట్టుకు చస్తున్నం మనం.

హాఫ్ మిల్లీసెకండ్:
అదితి పేరు వింటే నాకూ గర్వమే, కానీ ఆమె అక్కడిదాకా వచ్చింది పటర్ (గుంట దగ్గర బంతిని దొర్లించే క్లబ్) బలంతో. ప్రశ్న అడిగినవాడి బంతి వల మీద పడుతోంది, గ్రీన్ (గుంట చుట్టూ ఉండే గడ్డి) దాకా వస్తే కదా పటర్.

బోగీబండి:
మేడమ్, ఇలా పబ్లిక్‌లో అనాలా :)

క్రికెట్ గురించి ఎవరైనా చెప్పండి. నాకు బ్యాటింగ్‌లో కింది చెయ్యి బలం ఎక్కువ, లెగ్ సైడ్ లాగేవాణ్ణి. అది ఇక్కడికి వస్తోందా?

మంచె మీద తాత:
వస్తుంది నాయనా, చాలామందికి వస్తుంది. ఈ ఊళ్ళో రేంజ్‌కి వచ్చే మనవాళ్ళలో సగం మందిది సందు క్రికెటే. 2001లో ఈడెన్‌లో లక్ష్మణ్ 281 కొట్టాడు చూడు, అది కొట్టడమా తిప్పడమా చెప్పు? వార్న్ లెగ్ స్టంప్ బయట వేసిన బంతిని మణికట్టుతో కవర్స్ మీదుగా పంపాడు. బలంతో అయ్యే పనేనా అది?

కుడిచేతి వాటం:
లక్ష్మణ్‌ని ఇందులోకి లాగితే నేను ఓడిపోయినట్టే, ఆ మాట వదిలేద్దాం. అసలు నువ్వు బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ని వెనక్కి పైకి తీయడం) ఎంత తీస్తున్నావ్? పక్కనుంచి ఒక వీడియో తీసి చూసి చెప్పు.

బోగీబండి (రెండు రోజుల తర్వాత):
తీశాను. చేతులు తల దాటి పైకి వెళ్తున్నాయి, మణికట్లు వదులుగా. అక్కణ్ణుంచి కిందికి దిగేటప్పుడు కుడి భుజం ముందుకి దూకుతోంది.

కుడిచేతి వాటం:
దొరికింది! బ్యాక్‌స్వింగ్ స్వింగర్‌ది, దిగడం హిట్టర్‌ది. మీ మొదటి కోచ్ పొడవుగా, వదులుగా పైకి తీయమన్నాడు, అది ఆయన పద్ధతికి సరే. రెండో ఆయన కుడి చేత్తో కొట్టమన్నాడు, కానీ కొట్టాలంటే పైకి తీసేది పొట్టిగా ఉండాలి, చేతులు భుజం ఎత్తు దాటకూడదని చెప్పలేదు. తల పైనుంచి కుడి చెయ్యి నెట్టితే భుజం బయటికి దూకుతుంది, క్లబ్ బయటినుంచి లోపలికి వస్తుంది, ముఖం తెరుచుకుని ఉంటుంది. నీ బంతి కుడివైపు వల ఎక్కేది అందుకే. నేనూ రెండేళ్ళు అదే చేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మంచె మీద తాత:
ఇందులో ఆయనా నేనూ ఒకటే మాట. పైన అరక్షణం ఆగు, దిగేటప్పుడు తుంటి ముందు కదలనీ, చేతులు వెనకాల వస్తాయి. లేదంటే ఆయనన్నట్టు సగానికి కోసెయ్.

హాఫ్ మిల్లీసెకండ్:
రికార్డు కోసం: ఇద్దరూ చెప్పేది క్లబ్ ముందే విప్పుకోకుండా చూడమనే. దారులు వేరు.

కుడిచేతి వాటం:
దారులు వేరు కాదు మేడమ్, మనుషులు వేరు. నడుం తిరిగేవాడు తిప్పనీ, తిరగనివాడు నెట్టనీ.

చిర్రగోనె:
మరి మొత్తానికి ఎవరు గెలిచిన్రు?

బోగీబండి (పది రోజుల తర్వాత):
రెండు ఆదివారాలు చేశాను. మొదటి ఆదివారం బ్యాక్‌స్వింగ్ సగానికి కోసి కుడి చేత్తో నెట్టాను. బంతులు తక్కువ ఎత్తులో, తిన్నగా వెళ్ళాయి. వల మీదికి పోయినవి నాలుగే. కానీ రాత్రికి కుడి మోచేయి నొప్పి. రెండో ఆదివారం తాతగారు చెప్పిన తువ్వాలు ముందు పావుగంట తిప్పి, తర్వాత 7 ఐరన్ తీశాను. వాటిలో ఆరో ఏడో బంతులు చేతికి ఏమీ తగలనట్టు వెళ్ళిపోయాయి, ఆ చప్పుడే వేరు. మిగతావి మాత్రం చెప్పుకునేలా లేవు.

తువ్వాలుకే ఓటు వేస్తున్నా, నాకు నడుం ఇంకా తిరుగుతుంది కాబట్టి. రెండో కోచ్‌కి ఇంకా మూడు క్లాసుల డబ్బు ముందే కట్టి ఉన్నాను, వాటిలో పటింగ్ మాత్రం నేర్పమని అడుగుతా.

కుడిచేతి వాటం:
మోచేయి నొప్పి గ్రిప్ గట్టిగా పట్టుకున్నందువల్ల, నెట్టినందువల్ల కాదు. ఇది మాత్రం రాసి పెట్టుకో.

మంచె మీద తాత:
వచ్చే ఆదివారం తువ్వాలు తడిపి తిప్పు బాబూ, బరువు ఇంకా బాగా తెలుస్తుంది.