చెన్నై నుంచి కువైట్‌కు అసలు ఎన్ని గంటల ప్రయాణం?

ప్రశ్న (కడప):
అందరికీ నమస్కారం. కువైట్‌లో పనిచేస్తున్న మా అన్న దగ్గరికి అమ్మ వచ్చే నెల మొదటిసారి విమానంలో వెళ్తోంది. చెన్నైలో రాత్రి 7 గంటలకు బయలుదేరి 9.30కు కువైట్ చేరుతుందని టికెట్టులో ఉంది. తిరుగు ప్రయాణంలో మాత్రం అక్కడ రాత్రి 10.30కు ఎక్కితే చెన్నైలో తెల్లవారుజామున 5.30కు దిగాలట. వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి ఏడు గంటలు ఎందుకు పడుతుంది? అమ్మకు షుగరు ఉంది, వేళకు తిండీ మాత్రా పడాలి కాబట్టి అడుగుతున్నాను. హైదరాబాదు నుంచి అయితే దూరం తక్కువని కొందరు అంటున్నారు, అది నిజమేనా?

జవాబు 1:
టికెట్టు మీద ఏ ఊరి సమయాన్ని ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. కువైట్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. చెన్నైలో 7 గంటలైనప్పుడు అక్కడ సాయంత్రం 4.30 కాబట్టి, 9.30కు దిగడమంటే ఐదు గంటల ప్రయాణం. వచ్చేటప్పటి ఏడు గంటల్లోంచి అదే రెండున్నర తీసేస్తే నాలుగున్నర మిగులుతుంది. ఆ అరగంట ఆదా చాలావరకు ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి వల్లనే. చలికాలంలో ఆ గాలి మరింత బలంగా ఉంటుంది. అమ్మగారు కువైట్‌లో దిగేసరికి మన లెక్కలో అర్ధరాత్రి 12 అవుతుంది. అందుచేత చేతి గడియారాన్ని దిగేవరకు మార్చకుండా, రాత్రి భోజనమూ మాత్రా దాని ప్రకారం విమానంలోనే ముగించమనండి. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి.

జవాబు 2:
కువైట్ మనకు వాయవ్యంగా ఉంది కాబట్టి హైదరాబాదు దగ్గరన్న మాట నిజమే. నేరుగా గీత గీసి కొలిస్తే చెన్నై నుంచి సుమారు 3,780 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి 3,540, హైదరాబాదు నుంచి 3,370. అయితే ఆ 400 కిలోమీటర్ల తేడా విమానానికి అరగంట పని. కడప నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద 400 కిలోమీటర్లు పైనే ఉంది; చెన్నై 260 దరిదాపుల్లోనే ఉంది. ఆకాశంలో కలిసొచ్చే అరగంట కోసం పెద్దావిడను నేల మీద అదనంగా గంటల తరబడి కూర్చోబెట్టడం నాకు సబబుగా తోచడం లేదు. బెంగళూరు ఆలోచించదగినదే: గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి, మదనపల్లె మీదుగా వెళ్తే, విమానాశ్రయం దేవనహళ్లి వైపున ఉన్నందున నగరంలోకి వెళ్లే పని ఉండదు.

జవాబు 3:
టికెట్టు చెన్నైకే తీసుకున్నారు కాబట్టి, ఇంటి నుంచి లెక్క వేసుకోండి. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు, అంటే సాయంత్రం 4 కల్లా విమానాశ్రయంలో ఉండాలి. రాజంపేట, రేణిగుంట దారిలో కారుకు ఆరు గంటలు పట్టవచ్చు గనుక ఉదయం 9 దాటకుండా బయలుదేరండి; పుత్తూరు ప్రాంతంలో మధ్యాహ్న భోజనం, మాత్ర వేళకే అయిపోతాయి.