ఒక్క పాట బ్యాండ్లు: పట్టిక చెప్పిందే లెక్కా, మన చెవులు చెప్పిందా?

కపిలతీర్థం రోడ్డు, తిరుపతి:
మా శ్రోతల బృందం త్వరలో ఒక సాయంకాలం, ఒకే ఒక్క పాటతో జనానికి గుర్తుండిపోయిన రాక్ బ్యాండ్లను వరుసగా వినిపించాలని అనుకుంటున్నది. ఎవరిని చేర్చాలన్న దగ్గరే తగువు వచ్చింది. నా పక్షం ఇది: కొలత ఒకటి ఉండాలి, అది అంకెల్లో ఉండాలి. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక ప్రతి వారం ప్రకటించే పాటల పట్టికలో మొదటి 40 స్థానాల్లోకి ఒకే పాటతో వచ్చినవారినే ఈ కోవలో లెక్కించే పద్ధతి ఒకటి ఉంది. ‘ది నాక్’ పేరు చెబితే 1979 నాటి ‘మై షరోనా’ తప్ప మరొకటి ఎవరికీ తోచదు. అది 6 వారాలు అగ్రస్థానంలో నిలిచిన మాట నిజమే గానీ, అదే ఏడాది వారి ‘గుడ్ గర్ల్స్ డోంట్’ కూడా 11వ స్థానం దాకా వెళ్లింది. స్వీడన్ బ్యాండ్ ‘యూరప్’ సంగతి మరీ విచిత్రం. మనమంతా ‘ది ఫైనల్ కౌంట్‌డౌన్’ అంటాము, అమెరికాలో మాత్రం 3వ స్థానానికి చేరి దానికన్నా పైన నిలిచింది ‘క్యారీ’. కాబట్టి ఈ ఇద్దరినీ జాబితా నుంచి తీసేయాలని నా ప్రతిపాదన.

కట్టమంచి శ్రోత, చిత్తూరు:
అయ్యా, మీ కొలతనే చివరిదాకా పాటించి చూడండి. అమెరికా పట్టికలో గిటారు దిగ్గజం జిమీ హెండ్రిక్స్ మొదటి 40లోకి వచ్చింది ఒక్కసారే, 1968లో ‘ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్’ 20వ స్థానానికి చేరినప్పుడు. ఇంగ్లండులో 3వ స్థానం దాకా వెళ్లిన ‘పర్పుల్ హేజ్’ అమెరికాలో 65 దగ్గరే ఆగింది. 1965లో పుట్టిన అమెరికా బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్‌కు ఆ భాగ్యం 1987లో ‘టచ్ ఆఫ్ గ్రే’తో గానీ దక్కలేదు, మళ్లీ దక్కలేదు కూడా. కెనడా బ్యాండ్ రష్‌కు 1982లో ‘న్యూ వరల్డ్ మ్యాన్’ ఒక్కటే. ఈ ముగ్గురినీ ఒక్క పాట బ్యాండ్ల సాయంకాలంలో కూర్చోబెడితే, వచ్చినవారిలో గిటారు పట్టిన ప్రతివాడూ లేచి వెళ్లిపోతాడు.

ఆ పట్టిక కొలిచేది సంగీతాన్ని కాదు, విడిగా విడుదలైన సింగిల్ రికార్డు ప్రయాణాన్ని. హెండ్రిక్స్ శ్రోతలు ఆల్బమ్ కొన్నారు. ఆ ఏడాదే ఆయన ‘ఎలక్ట్రిక్ లేడీల్యాండ్’ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానంలో ఉంది. ఇంగ్లండు బ్యాండ్ లెడ్ జెపెలిన్ ‘స్టెయిర్‌వే టు హెవెన్’ను అమెరికాలో సింగిల్‌గా అమ్మలేదు కనుక అప్పటి పాటల పట్టిక దృష్టిలో ఆ పాట పుట్టనే లేదు. 1998 డిసెంబరు దాకా నియమం అదే: దుకాణంలో సింగిల్‌గా అమ్మకానికి రాకపోతే, రేడియోలో ఎంత మోగినా ఆ పట్టికలో చోటు లేదు. నో డౌట్ పాట ‘డోంట్ స్పీక్’ రేడియో పట్టికలో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా దీని గడప తొక్కలేకపోయింది. మనకు గుర్తున్నదే ప్రమాణంగా పెట్టుకుందాం.

బైరాగిపట్టెడ:
అన్నమాచార్యుల సంకీర్తనలు 12 వేలకు పైగా దొరికినా, జనం నోట ఆడేవి కొన్నే కదా. ఆయనను ఈ మాట అనగలమా?

కట్టమంచి శ్రోత, చిత్తూరు:
రాగిరేకులకూ రికార్డు కంపెనీలకూ ముడి పెట్టకండి. ఆ పోలిక ఇక్కడ ఎవరికీ ఉపయోగపడదు.

పాత క్యాసెట్, గాంధీ రోడ్డు, తిరుపతి:
కట్టమంచి వారు చెవులను నమ్మమంటున్నారు. ఆ చెవులను తయారు చేసిందెవరో కూడా చూడాలి. మా హాస్టల్ రోజుల్లో ఇంగ్లీషు పాట కావాలంటే, మద్రాసు నుంచి ఎవరో తెచ్చిన క్యాసెట్‌ను అరువు అడగాలి, లేదా రికార్డింగ్ షాపులో పాటల చీటీ ఇచ్చి ఖాళీ క్యాసెట్‌లో నింపించుకోవాలి. అరవై నిమిషాల టేపులో ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో పాటకే చోటు. అంటే ఆ షాపు గడప దాటేసరికే ప్రతి బ్యాండూ ఒక్క పాట బ్యాండ్ అయిపోయేది. నార్వే వారి ‘ఆ-హా’ను మనం ‘టేక్ ఆన్ మీ’తో సరిపెట్టాము, ఇంగ్లండులో వారిని అగ్రస్థానానికి చేర్చింది ‘ద సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ’. 1991లో రియో డి జెనీరోలోని మరకానా మైదానంలో దాదాపు రెండు లక్షల మంది వారిని వినడానికి వచ్చారు, ఒక్క పాట కోసం వచ్చి ఉంటారని నేను అనుకోను. ఇంగ్లండు బ్యాండ్ డెక్సీస్ మిడ్‌నైట్ రన్నర్స్‌కు 1983లో అమెరికాలో మిగిలింది ‘కమ్ ఆన్ ఐలీన్’ ఒక్కటే గానీ, సొంత దేశంలో 1980లోనే ‘జీనో’ మొదటి స్థానం చూసింది. ఇందులో బ్యాండ్ల కొరత కన్నా వినేవారి కొరతే నాకు ఎక్కువగా కనబడుతున్నది.

బేస్ వాయించేవాడు, చిత్తూరు:
పెద్దలంతా పేర్లను లెక్కపెడుతున్నారు, మనుషులను కాదు. ‘ఫోర్ నాన్ బ్లాండ్స్’ ఒకే ఆల్బమ్ చేసింది, ‘వాట్స్ అప్’ తర్వాత కనుమరుగైంది. అది పాడిన లిండా పెర్రీయే తరువాత గాయని పింక్‌కు ‘గెట్ ద పార్టీ స్టార్టెడ్’, క్రిస్టినా అగిలేరాకు ‘బ్యూటిఫుల్’ రాసింది. ‘ద బగుల్స్’ పాట ‘వీడియో కిల్డ్ ద రేడియో స్టార్’ 1981 ఆగస్టు 1న ఎంటీవీ ప్రసారం చేసిన మొదటి వీడియో. అమెరికాలో అది సరిగ్గా 40వ స్థానంలో ఆగింది. ఒక్క మెట్టు కిందికి జారి ఉంటే కపిలతీర్థం అన్న జాబితాలో వారు ఉండేవారే కారు. బగుల్స్‌లోని ట్రెవర్ హార్న్ నిర్మాతగా మారి, ‘యెస్’ బ్యాండ్‌కు అమెరికాలో అగ్రస్థానం తెచ్చిన ‘ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్’ చేశాడు. పని చేసేవాడికి పేరు మారినా పాట ఆగదు.

కపిలతీర్థం రోడ్డు, తిరుపతి:
హెండ్రిక్స్‌ను పిలవమని నేను అనలేదు, పిలవను కూడా. అయినా అంకెను వదులుకోలేను, ఎందుకంటే జ్ఞాపకాన్ని ప్రమాణం చేస్తే ప్రతి వీధికీ ఒక జాబితా కావాలి. అయితే ఒక దేశపు పట్టికే ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. ఇంగ్లండు పట్టికను కూడా జతచేసి చూసి, రెండింటిలోనూ ఒకే పాటతో నిలిచినవారినే ఉంచుదాం.

పాత క్యాసెట్, గాంధీ రోడ్డు, తిరుపతి:
అలా వడగడితే, 1980లో ‘ద ప్లాస్టిక్ ఏజ్’ ఇంగ్లండులో 16వ స్థానానికి వెళ్లింది కనుక బగుల్స్ కూడా పోతారు. వారు లేని ఈ సాయంకాలానికి నేను రాను. నా మాట వింటే, తీసేసిన ప్రతి బ్యాండ్‌దీ మనం వినని రెండో పాటనే వేయండి: ‘గుడ్ గర్ల్స్ డోంట్’, ‘క్యారీ’, ‘జీనో’. ‘మై షరోనా’ కోసం వచ్చినవారు అలిగితే, టీ సమయంలో వినిపించవచ్చు.