మారిషస్‌లో క్రియోల్ ఎందుకు నిలిచింది?

ప్రశ్న:
మారిషస్‌ను బ్రిటిష్‌వారు 1810 నుంచి 1968 వరకు పాలించినా, అక్కడి ఇళ్లలో ఎక్కువగా వినిపించేది ఫ్రెంచి మూలాలున్న క్రియోల్ భాషే. పాలకుల భాష జనంలోకి ఎందుకు దిగలేదో, తెలుగు సంతతివారి సంగతేమిటో తెలిసినవారు వివరించగలరా?

మొదటి సమాధానం:
అంతకు ముందు ద్వీపాన్ని ఏలిన ఫ్రెంచివారితో 1810లో కుదిరిన లొంగుబాటు ఒప్పందంలోనే నివాసుల మతాన్ని, చట్టాలను, ఆచారాలను కాపాడతామని బ్రిటిష్‌వారు మాట ఇచ్చారు. చెరకు తోటలు చాలావరకు ఫ్రెంచి భూస్వాముల చేతుల్లోనే ఉండిపోయాయి కనుక ఇంగ్లీషు భాష ప్రభుత్వ కచేరీలు దాటి పెద్దగా రాలేదు. అయితే క్రియోల్‌ను భూస్వాముల కానుకగా చూడడం నాకు సమ్మతం కాదు; మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు, ఒకరి భాష ఒకరికి తెలియని స్థితిలో, యజమానుల మాటలనే తమ అవసరానికి మలచుకుని కట్టుకున్న భాష అది.

రెండో సమాధానం:
పై వివరణకు కొంత చేర్పు. 1834 నుంచి ఒప్పంద కూలీలుగా మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో దిగిన భారతీయులు కూడా పొలాల్లో పనిచేయడానికి క్రియోల్‌నే నేర్చుకోవలసి వచ్చింది. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినందున తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలిచారు. వారి సంతతిలో తెలుగు రోజువారీ మాటగా చాలావరకు తగ్గినా, గుడిలోను, బడి పాఠాల్లోను మిగిలింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం.

మూడో సమాధానం:
1835లో బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం యజమానులకే దక్కింది, విముక్తులకు ఏమీ దక్కలేదు. వారు 1839 వరకు శిక్షణ పేరుతో పాత యజమానుల దగ్గరే పనిచేయవలసి వచ్చింది. భాష గురించి మాట్లాడేటప్పుడు ఈ అన్యాయాన్ని పక్కన పెట్టలేము.