అప్‌డేట్: ఖోన్ కేన్‌లో అత్తగారింట్లో కాపురం

మా ఆవిడది థాయ్‌లాండ్‌లోని ఖోన్ కేన్. వాళ్ల పుట్టింట్లోనే ఉండబోతున్నాం, ఇమిగ్రేషన్ కాగితాలు ఎవరు చూడాలి, మన వంటతో వాళ్లకు ఇబ్బంది అవుతుందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

టీఎం30, అంటే ఇంట్లో విదేశీయుడు ఉంటున్నాడని ఇమిగ్రేషన్‌కు తెలిపే ఫారం, ఇంటి యజమానే ఇవ్వాలి, మనం దిగిన 24 గంటల్లోపు. అత్తగారి పేరున ఆన్‌లైన్‌లో చేశాం. 90 రోజులకోసారి నా చిరునామా ఇమిగ్రేషన్‌కు తెలిపే రిపోర్ట్ మాత్రం నా బాధ్యత. గడువుకు 15 రోజుల ముందు నుంచి, దాటాక 7 రోజుల దాకా ఇవ్వొచ్చని తెలిశాక టెన్షన్ పోయింది.

అసలు సంతోషం వంట దగ్గర. ఇంటి వెనక రేకుల కింద ఇంకో పొయ్యి ఉంది. చేపలు, ఎండుమిరపకాయలు వేయించేది అక్కడే. నేను పోపు పెడితే అత్తగారు ఆ ఘాటుకి తుమ్మి, మళ్లీ దగ్గరకొచ్చి ఆవాలు చిటపటలాడడం చూశారు. చింతపండు వాళ్ల వంటింట్లోనూ ఉండేదే కాబట్టి చారు వెంటనే నచ్చింది, మర్నాడు ఆవిడే అడిగి పెట్టించుకున్నారు. నేను శాకాహారిని. ఫిష్ సాస్ కలపకముందే నా కూర విడిగా తీసి సోయా సాస్ వేస్తున్నారు. ఆ శ్రద్ధకి ఎంత చెప్పినా తక్కువే.

ఇక మిగిలింది విదేశీయులకిచ్చే పసుపు రంగు ‘ఇంటి పుస్తకం’, అంటే ఆ ఇంట్లో ఉంటున్నట్టు నమోదు చేసే పుస్తకం. చిరునామా రుజువుగా పనికొస్తుంది. దానికోసం పాస్‌పోర్టును థాయ్‌లోకి అనువాదం చేయిస్తున్నాం.