విద్యార్థులకు కళాశాలలో ఇచ్చే పనులకు జీతం: అందరికీ ఒకే రేటా, పనిని బట్టి మెట్లా?

కాలువగట్టు (అధ్యాపకుడు, భీమవరం ప్రాంతం):

వచ్చే విద్యా సంవత్సరం నుంచి మా డిగ్రీ కళాశాలలో ఇరవై మంది విద్యార్థులకు ఖాళీ గంటల్లో పని ఇవ్వాలని యాజమాన్యం నిర్ణయించింది. జీతాలు తేల్చే బాధ్యతను ముగ్గురికి అప్పగించింది, అందులో నేనూ ఒకడిని. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం, కంప్యూటర్ ల్యాబు చూసుకోవడం, అడ్మిషన్ల రోజుల్లో దరఖాస్తులు నమోదు చేయడం, హాస్టల్ మెస్సులో వడ్డన, సరుకుల లెక్క, ఆక్వాకల్చర్ విభాగంలో చేపల తొట్ల పని, ఇవీ ఉద్యోగాలు. మా ముసాయిదాలో మూడు మెట్లున్నాయి. మెస్సుకూ గ్రంథాలయానికీ గంటకు 35 రూపాయలు, కార్యాలయానికీ తొట్లకూ 45, ల్యాబుకు 60. ప్రిన్సిపాల్ గారు మాత్రం అందరికీ 40 కట్టి గొడవ లేకుండా చూడమంటున్నారు. నేను మెట్ల పక్షం. ల్యాబులో నెట్‌వర్కు ఆగిపోతే మళ్ళీ నిలబెట్టగలిగిన కుర్రవాడికీ, అంకెల వరుస చూసి పుస్తకం అరలో పెట్టేవాడికీ ఒకే రేటు కట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. అనుభవం ఉన్నవారు కారణాలతో చెప్పగలరు.

గౌతమి రేవు (రావులపాలెం):

నేను అమెరికాలో చదువుకునే రోజుల్లో విశ్వవిద్యాలయ భోజనశాలలోనూ, తరువాత గ్రంథాలయంలోనూ పనిచేశాను కనుక అక్కడి పద్ధతి చెబుతాను. అక్కడ జీతం ఇంతకు తగ్గకూడదన్న కనీస హద్దు చట్టం నుంచి వస్తుంది. సమాఖ్య కనీస వేతనం 2009 జూలై నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగి ఉంది. టెక్సాస్ వంటి రాష్ట్రాలు దానితోనే సరిపెట్టుకోగా, కాలిఫోర్నియాలో 2025 నాటికి అది 16.50. అందుకే మన ఊరి పిల్లలు ఇద్దరు ఒకే పని రెండు రాష్ట్రాల్లో చేస్తే, ఒకరి సంపాదన రెండోవారి దానిలో సగానికి కూడా రాకపోవచ్చు. మరో విచిత్రం, ప్రత్యేక అనుమతి పొందిన విద్యాసంస్థలు పూర్తికాల విద్యార్థులకు కనీస వేతనంలో 85 శాతమే ఇవ్వడానికి కూడా సమాఖ్య చట్టంలో వెసులుబాటు ఉంది.

ఆ కనీస హద్దు మీద చాలా విశ్వవిద్యాలయాలు మీ ముసాయిదాలో ఉన్నట్టే మెట్లు కడతాయి. కానీ ముందు పని వివరం రాస్తారు. ఎంత శిక్షణ కావాలి, పైవారి పర్యవేక్షణ ఎంత, తప్పు జరిగితే నష్టం ఎంత, తోటివారి చేత పని చేయించాలా అన్నవి చూసి, ఆ పని ఏ మెట్టులో పడుతుందో తేలుస్తారు. తరువాతే మనిషిని వెతుకుతారు. ఏ విభాగం తన నిధుల నుంచి జీతమిస్తుందో ఆ విభాగం చేతిలో కొంత ఎగువదిగువ ఉంటుంది, కాబట్టి డబ్బున్న విభాగంలో అదే పనికి కాస్త ఎక్కువ వస్తుంది. డబ్బు అవసరమున్న విద్యార్థులకు పని కల్పించడానికి 1964లో మొదలైన వర్క్ స్టడీ పథకంలోనైతే జీతంలో పెద్ద భాగం ప్రభుత్వమే భరిస్తుంది. విద్యార్థి వీసా మీద వెళ్ళిన మనవాళ్ళకు అది వర్తించదు. తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలు దాటి పనిచేయడానికీ వీల్లేదు.

ఇంత పద్ధతి ఉన్నా, ఆవిరి కమ్మిన గదిలో పళ్ళేలు కడిగే పనిని అన్నిటికంటే కింది మెట్టులో పెట్టడం నాకు ఆనాడే మింగుడుపడలేదు. చాలామంది విద్యార్థులకూ పడలేదు. డార్ట్‌మత్ కళాశాల ఉన్న న్యూహాంప్‌షైర్‌లో చట్టం చెప్పేది ఆ 7.25 డాలర్లే. అక్కడి భోజనశాల విద్యార్థులు సంఘం పెట్టుకుని, 2023లో గంటకు 21 డాలర్ల మూల వేతనానికి యాజమాన్యాన్ని ఒప్పించారు. పని విలువ మెట్ల పట్టికలో లేదు, ఆ పనికి మనుషులు దొరకకపోతే జరిగే నష్టంలో ఉందని వారు నిరూపించారు.

లంకవాసి (డిగ్రీ విద్యార్థి, కోనసీమ):

మాస్టారూ, మీ ముసాయిదాను మా వైపు నుంచి చూడండి. ల్యాబు ఉద్యోగం ఎవరికి వస్తుంది? ఇంట్లో కంప్యూటర్ ఉండి, పట్నంలో చదివి వచ్చినవారికి. వరదొస్తే పడవ ఎక్కి బడికి వెళ్ళిన లంక పిల్లలకు మెస్సులో వడ్డన వస్తుంది. ఇద్దరికీ డబ్బు అవసరమే, కానీ ఎక్కువ అవసరమున్న వాడికి తక్కువ రేటు పడుతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న నేర్పుకు కళాశాల అదనంగా ఎందుకు కట్టాలో నాకు అర్థం కావడం లేదు. అందరికీ ఒకే రేటు పెట్టి, ల్యాబు పని కావలసిన వారికి మొదటి నెల నేర్పితే సరిపోతుంది.

మీ 35 రూపాయల సంగతి కూడా చూడండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచినా గంటకు 38 దాటుతుంది. చెరువు పూడిక తీసే పనికి ప్రభుత్వం కట్టే లెక్క కంటే తక్కువకు డిగ్రీ విద్యార్థి చేత అన్నం వడ్డించుకోవడానికి ఏ కళాశాలకైనా మనసెలా ఒప్పుతుంది? పెళ్ళిళ్ళ కాలంలో మావాళ్ళు రాత్రిళ్ళు క్యాటరింగ్‌కు వెళ్ళి, తెల్లవారి తరగతిలో నిద్రపోతారు. అక్కడ వచ్చే దానికి దరిదాపుల్లోనైనా లేకపోతే మీ ఉద్యోగాలకు దరఖాస్తులే రావు.

గౌతమి రేవు:

ఒక్క మాట కలుపుతాను. ఉపాధి హామీలో కొలత ప్రకారం కూలి కడతారు, గంట ప్రకారం కాదు, కాబట్టి ఆ పోలిక అక్షరాలా కుదరదు. అయినా 38కి తగ్గకూడదన్న మాటతో నేను ఏకీభవిస్తున్నాను. మన డెల్టాలో గంట లెక్క అలవాటే లేదు. కొబ్బరి ఒలుపుకు వెయ్యి కాయలకు ఇంత, రొయ్యల షెడ్డులో కిలోకు ఇంత, పొలంలో పూటకు ఇంత. తరగతుల మధ్య దొరికే ఒక్క గంటకు విలువ కట్టడం మనకు కొత్త పనే.

చేపల చెరువు గట్టు (తండ్రి, ఆకివీడు):

పిల్లల్ని చదువుకోమని పంపాము గాని వడ్డన చేయమని కాదండి. అయినా పని ఇవ్వదలిస్తే ఆ డబ్బు మెస్సు బిల్లులో తగ్గించండి. చేతికిస్తే ఫోన్ల పాలవుతుంది.

లంకవాసి:

బాబాయ్ గారూ, మెస్సు బిల్లులో తగ్గిస్తే ఎన్ని గంటలు చేశామో, ఎంత రేటు పడిందో మాకు కనబడదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైన సంవత్సరం ఆ లెక్క ఎక్కడ సర్దుతారో ఎవరికీ తెలియదు. బ్యాంకు ఖాతాలో పడిన తరువాత మెస్సు బిల్లు మేమే కట్టుకుంటాము.

పద్దుల గది (విశ్రాంత గణకుడు, కాకినాడ):

న్యాయం గురించి అందరూ చెప్పారు, డబ్బు ఎక్కడిదన్నది ఎవరూ అడగలేదు. ఇరవై మంది నెలకు నలభై గంటల చొప్పున పనిచేస్తే 800 గంటలు. గంటకు 40 అయితే 32,000 రూపాయలు, 45 అయితే 36,000. ఆ నాలుగు వేల తేడాకు యాజమాన్యం తలుపు మూయదు. ఉద్యోగాల సంఖ్య తగ్గిస్తుంది, ఇరవై కాస్తా పద్దెనిమిది కంటే తక్కువవుతాయి. కాబట్టి రేటుతో పాటు ఉద్యోగాల సంఖ్యనూ కాగితం మీద ఖాయం చేయించండి. లేకపోతే పెంచిన రేటుకు మూల్యం బయట మిగిలిపోయిన విద్యార్థులే చెల్లిస్తారు.

ఇంకొకటి. గేట్ రాసి ఎంటెక్‌లో చేరినవారికి నెలకు 12,400 వస్తుంది కదా, మన పిల్లలకు ఇంత తక్కువేమిటని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అది చదువు సాగడానికిచ్చే ఉపకార వేతనం. ప్రయోగశాలల్లో సాయం చేసినా దాని కొలమానం గంట కాదు. ఆ రెండిటినీ ఒకే పద్దులో రాయవద్దు.

కాలువగట్టు:

అందరి మాటా చదివాను. ఒకే రేటుకు నేను ఇప్పటికీ ఒప్పుకోను, కానీ లంకవాసి లేవనెత్తిన అభ్యంతరానికి జవాబు చెప్పకుండా మెట్లు కట్టడమూ సరికాదు. జీతాలు తేల్చే మా ముగ్గురి సంఘం ముందు పెట్టబోయే మార్పు ఇది. అందరికీ మూల రేటు 40. విద్యార్థి వెంట తెచ్చుకున్న నేర్పుకు అదనం ఉండదు. పని మోపే బరువుకు మాత్రమే ఉంటుంది. నగదు పెట్టె లేదా తాళాలు చేతిలో ఉన్నవారికి, తెల్లవారుజామున తొట్లకు గాలి అందుతోందో లేదో చూడడానికి వచ్చేవారికి, భోజనాల రద్దీలో వడ్డన చేసేవారికి గంటకు ఐదు రూపాయలు ఎక్కువ. ల్యాబు కుర్రవాడు తోటివారికి నేర్పుతుంటే అతనికీ ఆ ఐదు వస్తాయి, ఊరికే కూర్చుంటే రావు. ఒక సెమిస్టరు నిలిచి పనిచేసిన వారికి మరో రెండు రూపాయలు. నెలకు నలభై గంటలు దాటకూడదు, 75 శాతం హాజరు తప్పితే మరుసటి నెల పని ఉండదు. జీతం బ్యాంకు ఖాతాలోకే వెళుతుంది.

లంకవాసి:

మూల రేటు 40 చేసినందుకు ధన్యవాదాలు, మాస్టారూ. అయితే హాజరు షరతు దెబ్బ మళ్ళీ మా మీదే పడుతుంది. వరద రోజుల్లో రేవు దాటలేక తరగతి పోయినవారి హాజరు ఎలా లెక్కిస్తారో అందులో రాయలేదు. ఆ ఐదు రూపాయల పనులు ఎవరికిస్తారన్నదీ తేల్చాలి. విభాగాధిపతి ఇష్టమైతే తాళాలు ప్రతి ఏడాదీ తెలిసినవారి పిల్లల చేతికే వెళతాయి. సెమిస్టరుకోసారి వంతులు మార్చే పద్ధతి ముసాయిదాలో చేర్చండి, లేదా ఎంపిక సంఘంలో ఒక విద్యార్థిని కూర్చోబెట్టండి. రెండిట్లో ఏది కుదురుతుందో ప్రిన్సిపాల్ గారిని అడిగి ఇక్కడే తెలియజేయండి.