సర్వర్ 250 ("సరే, అందింది" అనే కోడ్) ఇచ్చాక కూడా మెయిల్ చేరకపోతే బాధ్యత ఎవరిది?

కొత్త_అడ్మిన్:
మా కంపెనీకి సొంత మెయిల్ సర్వర్ ఉంది. మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్, దాని పక్కనే వైరస్, స్పామ్ చూడ్డానికి అమావిస్. ఇంటర్నెట్ లైన్ మార్చినప్పటి నుంచి కొందరు కస్టమర్లు ఇన్వాయిస్ మెయిల్స్ రావట్లేదంటున్నారు. మిగతావాళ్ళకి మామూలుగానే వెళ్తున్నాయి. బౌన్స్ (చేరలేదని తిరిగొచ్చే మెయిల్) ఒక్కటీ రాలేదు. లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) లైన్ ఇది, అడ్రస్‌లు తీసేశాను:

రిలే=127.0.0.1:10024, స్టేటస్=సెంట్ (250 2.0.0 ... క్యూడ్ యాజ్ ...)

"సెంట్ అని ఉందిగా, ఇక వాళ్ళ ఐటీ వాళ్ళని వెతుక్కోమను" అంటున్నారు మా మేనేజర్. ఆయన మాట సరైనదేనా? ఇంకో పెద్దాయనైతే సర్వర్ తీసేసి, మన మెయిల్స్ తమ సర్వర్ల నుంచి పంపిపెట్టే రిలే సర్వీసు కొనేద్దామంటున్నారు.

రూల్‌బుక్:
మీ మేనేజర్ మాటే కరెక్టు. మెయిల్ సర్వర్ల నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సి 5321 చదవండి. డేటా మొత్తం అందుకున్నాక అవతలి సర్వర్ 250 చెప్పిందంటే, ఆ మెయిల్‌ని చేర్చే బాధ్యత తన నెత్తిన వేసుకున్నట్టే. చేర్చలేకపోతే పంపినవాళ్ళకి తిరిగి చెప్పాల్సింది కూడా అదే. ఆ తర్వాత మెయిల్ మాయమైతే మనల్ని అడగడమేంటి?

ఇన్‌బాక్స్_దాకా:
రూల్‌బుక్ గారూ, కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. 250 చెప్పి స్పామ్ ఫోల్డర్‌లో పడేసే సర్వర్లు ఎన్ని లేవు? అక్కడ పడడానికి కారణం చాలాసార్లు మన దగ్గరే ఉంటుంది: ఎస్‌పీఎఫ్ (మన పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా) తప్పు, డీకిమ్ సంతకం (మెయిల్ మన డొమైన్‌దేనని రుజువు) లేదు, ఐపీకి (సర్వర్ నెట్ అడ్రస్‌కి) చెడ్డపేరు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో చాలా గట్టిగా ఉంది. రోజుకి 5,000 దాటి పంపేవాళ్ళకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఆ తనిఖీలు తప్పితే ఏం చేయాలో చెప్పే రికార్డు) మూడూ ఉండాలి. అంతకంటే తక్కువ పంపినా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా తప్పదు. ఇవన్నీ పంపేవాడి పనులే కదండీ.

రూల్‌బుక్:
స్పామ్‌లో పడడం వేరు, చేరకపోవడం వేరు. అడిగింది రెండోదాని గురించి. మెయిల్‌ని చప్పుడు లేకుండా పారేయడం మోసమనో, తగనిదనో చాలా గట్టి నమ్మకం ఉన్నప్పుడు తప్ప కూడదని కూడా అదే ఆర్‌ఎఫ్‌సిలో ఉంది.

లాగ్_కాపలా:
మీ వాదన తర్వాత. ముందు ఆ లైన్ మళ్ళీ చూడండి. 127.0.0.1 అంటే వాళ్ళ సర్వరే. 10024 అమావిస్ వినే పోర్టు. ఆ 250 కస్టమర్ సర్వర్ ఇచ్చింది కాదు, ఎడమ చేత్తో ఇచ్చి కుడి చేత్తో పుచ్చుకున్న రసీదు అది.

అమావిస్ చూసి వదిలాక మెయిల్ మళ్ళీ పోస్ట్‌ఫిక్స్‌లోకే కొత్త ఐడీతో వస్తుంది. లైన్ చివర "క్యూడ్ యాజ్" పక్కన ఉన్నది అదే. ఆ ఐడీతో లాగ్ వెతికి, రిలే (మెయిల్ ఎవరికి అందించారో) దగ్గర బయటి సర్వర్ పేరున్న లైన్ పెట్టండి తమ్ముడూ. ఇంకా వెళ్ళకుండా ఆగినవి చూపించే మెయిల్‌క్యూ కమాండ్ కూడా కొట్టి చూడండి.

కొత్త_అడ్మిన్:
క్యూలో బోలెడు ఉన్నాయన్నా. రెండో ఐడీతో వెతికితే ఇది దొరికింది:

స్టేటస్=డిఫర్డ్ (450 4.7.25 క్లయింట్ హోస్ట్ రిజెక్టెడ్: కెనాట్ ఫైండ్ యువర్ హోస్ట్‌నేమ్)

లాగ్_కాపలా:
దొరికింది. లైన్‌తో పాటు ఐపీ మారింది, కొత్త ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ సరిగ్గా లేదు. ఐపీని అడిగితే పేరు రావాలి, ఆ పేరుని అడిగితే మళ్ళీ అదే ఐపీ రావాలి. రెండూ కలవాలి. దీన్ని అందరూ ఇంత కచ్చితంగా చూడరు, అందుకే కొందరికి వెళ్తున్నాయి.

ఇది మీ డొమైన్ ప్యానెల్‌లో దిద్దితే అయ్యే పని కాదు. ఐపీకి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు, ఐపీ ఎవరిదో వాళ్ళ చేతిలో ఉంటుంది కాబట్టి ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళకి టికెట్ పెట్టండి. మీ సర్వర్ హెలోలో (అవతలి సర్వర్‌ని పలకరించేటప్పుడు) చెప్పుకునే పేరే పెట్టమనండి. ఎస్‌పీఎఫ్‌లో పాత ఐపీ ఉండిపోయిందేమో అదీ చూడండి. లైన్ మార్చినవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది దాన్నే.

బౌన్స్ ఎందుకు రాలేదంటే, 4తో మొదలయ్యే జవాబు "ఇప్పుడు కాదు, మళ్ళీ రా" అని. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు ప్రయత్నిస్తూనే ఉంటుంది. మధ్యలో "ఆలస్యమవుతోంది" అని పంపినవాళ్ళకి చెప్పే సెట్టింగ్ డిలే_వార్నింగ్_టైమ్. అది డిఫాల్ట్‌గా సున్నా, అంటే ఏమీ చెప్పదు. ఇన్వాయిస్ పంపిన అమ్మాయి వెళ్ళిపోయిందనే అనుకుంటుంది. దాన్ని 4 గంటలకి పెట్టండి. ఈ డిఫాల్ట్ ఎందుకిలా ఉంచారో నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

రూల్‌బుక్:
చూశారా, అవతలి సర్వర్ అసలు 250 ఇవ్వనే లేదు. నా మాట అలాగే నిలబడింది.

ఇన్‌బాక్స్_దాకా:
మీ మాట నిలబడింది, మేనేజర్ గారిది కూలింది. "సెంట్" అన్న ముక్క పట్టుకుని ఫైల్ మూసేస్తే ఇదిగో ఇలాగే అవుతుంది. 250 ఎవరిచ్చారో చూడకుండా కస్టమర్ మీదకి తోసేయడం నాకు నచ్చదు.

రిలే_మేలు:
ఇంత గోల ఎందుకండీ? పీటీఆర్, బ్లాక్‌లిస్టులు, ఐపీ పేరు, అన్నీ రిలే సర్వీసువాళ్ళే చూసుకుంటారు. పెద్దాయన చెప్పింది చేసేయండి.

లాగ్_కాపలా:
రిలే తప్పని అననుగానీ ఇవాళ్టికి మందు అది కాదు. దానికి వెళ్ళినా ఎస్‌పీఎఫ్‌లో వాళ్ళని చేర్చాలి, డీకిమ్ మీ డొమైన్ పేరుతోనే పడేలా చూడాలి. ఎస్‌పీఎఫ్ చెకింగ్‌లో డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదన్న హద్దుంది. ఇన్‌క్లూడ్‌లు (వేరేవాళ్ళ ఎస్‌పీఎఫ్ జాబితాలు) పెంచుకుంటూ పోతే అది తెలియకుండానే దాటిపోతుంది. పైగా ఉమ్మడి ఐపీలో పక్కవాడు స్పామ్ పంపితే దెబ్బ మీకూ తగులుతుంది. ఇంకోటి, మీ లాగ్‌లో రిలే ఇచ్చిన 250 వరకే కనబడుతుంది. అక్కణ్ణుంచి కస్టమర్ దాకా ఏం జరిగిందో వాళ్ళ ప్యానెల్‌లోనే చూసుకోవాలి.

రిలే_మేలు:
ప్యానెల్ చూడ్డానికేం కష్టం? లాగ్ చదివే మనిషి రోజూ ఆఫీసులో ఉండడు కదా. చిన్న కంపెనీకి నేనైతే ఇప్పటికీ రిలేనే అంటాను.

కొత్త_అడ్మిన్:
టికెట్ పెట్టాను. ఎస్‌పీఎఫ్‌లో పాత ఐపీనే ఉంది, మార్చాను. క్యూలో ఉన్నవాటిని ఇప్పుడే ఫ్లష్ చేయనా (వెంటనే మళ్ళీ పంపించనా)?

లాగ్_కాపలా:
వద్దు. ఇప్పుడు తోస్తే అదే 450 మళ్ళీ వస్తుంది. పీటీఆర్ పడిందని బయటి నెట్‌వర్క్ నుంచి డిగ్ (డీఎన్‌ఎస్‌ని అడిగే కమాండ్) కొట్టి చూసుకున్నాక చేయండి. ఈలోగా 5 రోజులు దగ్గరపడుతున్నవి ఉంటే మాక్సిమల్_క్యూ_లైఫ్‌టైమ్ (క్యూలో ఉంచే గడువు) కాస్త పెంచుకోండి, లేకపోతే గడువు దాటినవి బౌన్స్ అవుతాయి.

ఇన్‌బాక్స్_దాకా:
ఆ తర్వాత కూడా ఎవరైనా రాలేదంటే స్పామ్ ఫోల్డర్ చూడమనండి. అందులో ఉంటే పూర్తి హెడర్ తెప్పించి ఆథెంటికేషన్-రిజల్ట్స్ లైన్ (ఎస్‌పీఎఫ్, డీకిమ్ తనిఖీల ఫలితం) ఇక్కడ పెట్టండి. అప్పుడు రూల్‌బుక్ గారితో నా వాదన మళ్ళీ మొదలుపెడతాను.