చికాగో పోలీసుల గురించి ఒక డౌట్: 20 ఏళ్లు థర్డ్ డిగ్రీ నడిస్తే పైవాళ్లకి తెలీకుండా ఉంటుందా?

రాత్రిబండి:
అందరికీ నమస్తే. అమెరికా పోలీస్ డిపార్ట్‌మెంట్ల గురించి చదువుతూ చికాగో దగ్గర ఆగిపోయా. 1972 నుంచి 1991 దాకా జాన్ బర్జ్ అనే ఆఫీసరూ అతని కింద డిటెక్టివ్‌లూ సౌత్ సైడ్‌లో 100 మందికి పైగా మనుషుల్ని, దాదాపు అందరూ నల్లజాతివాళ్లే, కొట్టి కరెంటు షాకులిచ్చి, టైప్‌రైటర్ మీద కప్పే ప్లాస్టిక్ కవర్ తలకి తొడిగి ఊపిరాడకుండా చేసి నేరం ఒప్పించారంట. చదువుతుంటేనే కడుపులో తిప్పేసింది. ఇన్నేళ్లు జరుగుతుంటే పైవాళ్లకి తెలీలేదా, తెలిసే ఊరుకున్నారా? ఇంకోటి, చివరికి అతన్ని లోపలేసింది టార్చర్ కేసులో కాదు, అబద్ధం చెప్పిన కేసులో అంటున్నారు, నిజమేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పాతకాగితాలు:
తెలుసండి. తెలీదు అనడానికి వీల్లేకుండా కాగితాలే ఉన్నాయి.

1982 ఫిబ్రవరిలో ఇద్దరు పోలీసుల్ని ఎవరో కాల్చి చంపారు, ఊరంతా గాలించి ఐదు రోజులకి ఒకతన్ని పట్టుకున్నారు. బర్జ్ ఉన్న స్టేషన్ నుంచి జైలుకి వచ్చాక అతన్ని చూసిన జైలు డాక్టరు ఊరుకోలేదు. మొహం మీద వాపు, తల మీద గాయాలు, తొడ మీదా చెంప మీదా ఛాతీ మీదా గీతలు గీతలుగా కాలిన బొబ్బలు, ఆ గీతలు గదిలో వేడి కోసం పెట్టే ఇనప రేడియేటర్‌కి సరిపోతున్నాయి. అతన్ని దానికి బేడీలతో కట్టేసి ఒంటిని దానికేసి అదిమారు. చెవుల మీద క్లిప్పులు పెట్టిన గుర్తులు కూడా ఉన్నాయి, కరెంటు పెట్టింది అక్కడే. ఆ డాక్టరు వెంటనే పోలీస్ సూపరింటెండెంట్‌కి ఉత్తరం రాసి దీని మీద పూర్తి ఎంక్వయిరీ కావాలని అడిగాడు. సూపరింటెండెంట్ అంటే అక్కడ మొత్తం డిపార్ట్‌మెంట్‌కే పెద్ద. ఆయన ఆ ఉత్తరాన్ని కౌంటీ ప్రాసిక్యూటర్ రిచర్డ్ ఎం. డేలీకి పంపి, మీరు చెప్పేదాకా నేనేమీ చెయ్యను అన్నాడు. అంతే, అక్కడితో ఆగిపోయింది. ఏ పోలీసు మీదా కేసు లేదు. బర్జ్‌కి ఆ తర్వాత ప్రమోషన్ వచ్చింది, కమాండర్ అయ్యాడు. డేలీ 1989లో మేయర్ అయ్యి 2011 దాకా ఉన్నాడు.

నన్ను బాగా కదిలించింది ఏంటంటే, 1989లో ఆ ఖైదీ వేసిన సివిల్ కేసు నడుస్తుంటే అతని లాయర్లకి పేరు లేని ఉత్తరాలు వచ్చాయి, అదీ పోలీస్ డిపార్ట్‌మెంట్ కవర్లలో. ఇంకా ఎవరెవర్ని హింసించారో, జైల్లో ఎవర్ని కలిసి మాట్లాడాలో అందులో ఉంది. అంటే లోపల ఎవరో ఒకళ్లకి నిద్రపట్టలేదన్నమాట, కానీ పేరు పెట్టి రాసే ధైర్యం చెయ్యలేని పరిస్థితి. ఆ ఉత్తరాల దారి పట్టుకునే మిగతా బాధితులు ఒక్కొక్కళ్లూ బయటపడ్డారు. 1990లో డిపార్ట్‌మెంట్ సొంత విచారణ విభాగమే, ఈ హింస ఒక పద్ధతి ప్రకారం పదేళ్లకి పైగా నడిచింది, పై అధికారులకి తెలుసు అని రిపోర్ట్ ఇచ్చింది. దాన్ని కూడా బయటికి రానివ్వలేదు, 1992లో ఫెడరల్ జడ్జి చెప్తే గానీ జనం చూడలేదు. 1993లో బర్జ్ ఉద్యోగం తీసేశారు.

వాదప్రతివాది:
రెండో ప్రశ్నకి నేను చెప్తా. నిజమే. 2002లో కోర్టు స్పెషల్ ప్రాసిక్యూటర్లని వేసింది, వాళ్లు 2006లో రిపోర్ట్ ఇస్తూ హింస జరిగిన మాట వాస్తవమే కానీ కేసు పెట్టే గడువు దాటిపోయింది అని తేల్చారు. గడువు దాటేదాకా కూర్చోబెట్టిందెవరు అంటే పైన చెప్పిన ఆఫీసులే, అది చదివితే ఒళ్లు మండిపోతుంది. అయితే బర్జ్ 2003లో ఒక సివిల్ కేసులో, నేనెవర్నీ హింసించలేదు, ఎవరైనా చేస్తుంటే చూడలేదు అని ప్రమాణం చేసి రాతపూర్వకంగా జవాబిచ్చాడు. ఆ అబద్ధానికి మాత్రం గడువు మిగిలి ఉంది. ఫెడరల్ ప్రాసిక్యూటర్లు దాన్ని పట్టుకుని 2008లో అరెస్ట్ చేశారు, 2010లో దోషి అని తేలింది, నాలుగున్నరేళ్లు వేశారు. పెన్షన్ సంగతి వింటే ఇంకా ఘోరం, పెన్షన్ బోర్డులో 4-4 ఓట్లు పడటంతో అది ఆగలేదు. జైల్లో ఉన్నా వస్తూనే ఉంది, 2018లో చనిపోయేదాకా. ఈలోపు ఆ ఒప్పుకోళ్ల మీద మరణశిక్ష పడినవాళ్లు కూడా ఉన్నారు, 2003లో చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్ర గవర్నర్ జార్జ్ రయాన్ నలుగురికి పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు.

సత్య_కె:
అన్నీ ఒప్పుకుంటా గానీ ఒక్క మాట. ఆ ఇద్దరు పోలీసులు కూడా మనుషులే కదా, వాళ్ల ఇళ్లల్లో ఏడ్చినవాళ్లున్నారు. గన్స్ అంత ఎక్కువున్న సిటీలో డ్యూటీ అంటే మాటలు కాదు. ఒక బర్జ్‌ని చూపించి వేలమందిని అనడం కరెక్టేనా?

పాతకాగితాలు:
@సత్య_కె గారూ, ఆ ఇద్దరి సంగతి అక్షరాలా నిజం. వాళ్లకి న్యాయం జరగాలంటే కేసు కోర్టులో నిలబడాలి కదండీ, ఈ కొట్టుడు వల్లే 1987లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఆ ఖైదీకి పడిన శిక్ష కొట్టేసింది, మళ్లీ విచారణ చేసి మళ్లీ శిక్ష వెయ్యాల్సొచ్చింది. ఆ కుటుంబాలు అదంతా రెండోసారి భరించాలి.

వేలమందిని అనడం నా ఉద్దేశం కాదు, కానీ ఇది ఒక్క బర్జ్ కథ కూడా కాదు. 1960లో, సమ్మర్‌డేల్ అనే ఏరియాలో అంతకుముందే పట్టుబడ్డ ఒక దొంగ, నాతో కలిసి దొంగతనాలు చేసింది పోలీసులే అని పేర్లు చెప్తే డిపార్ట్‌మెంట్ మొత్తం కదిలింది, అప్పుడు ఓ. డబ్ల్యు. విల్సన్ అనే ప్రొఫెసర్‌ని బయట నుంచి తెచ్చి పైన కూర్చోబెట్టారు. 1968లో డెమొక్రటిక్ పార్టీ సభల టైంలో వీధుల్లో జరిగినదాన్ని అధికారిక రిపోర్టే పోలీసులే చేసిన అల్లర్లుగా తేల్చింది. 1969 డిసెంబర్ 4 తెల్లవారకముందే పోలీసులు, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్ ఇంట్లోకి వెళ్లి అతన్ని చంపారు, వయసు 21. రెండు వైపులా కాల్పులు జరిగాయని ముందు చెప్పారు, తీరా చూస్తే లోపల నుంచి పేలింది ఒక్క తూటా, పోలీసులవి 80కి పైనే. ప్రతిసారీ ముందు చెప్పిన కథ ఒకటి, తర్వాత తేలింది ఇంకోటి.

తూర్పుగాలి99:
లక్వాన్ మెక్‌డొనాల్డ్ కేసు కూడా చూడండి బ్రో, అచ్చం అదే. 2014 అక్టోబర్ 20, 17 ఏళ్ల కుర్రాడు, చేతిలో చిన్న కత్తి, 16 తూటాలు. మీదకి దూకాడు అన్నారు. డాష్‌క్యామ్ (పోలీసు కారులో ఉండే కెమెరా) వీడియోలో చూస్తే పిల్లాడు పక్కకి నడుచుకుంటూ పోతున్నాడు, పోలీసు కారు దిగిన కొన్ని సెకన్లకే కాల్చడం మొదలుపెట్టాడు, కింద పడ్డాక కూడా ఆపలేదు. మేయర్ మళ్లీ గెలిచిన కొద్దిరోజులకే సిటీ ఆ కుటుంబానికి 50 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, వీడియో మాత్రం 2015 నవంబర్ దాకా దాచారు, కోర్టు ఆర్డరిస్తే రిలీజ్ చేశారు, కాల్చినతని మీద మర్డర్ కేసు పెట్టింది కూడా సరిగ్గా అదే రోజు! 2018లో సెకండ్ డిగ్రీ మర్డర్ (ఫస్ట్ డిగ్రీ కన్నా ఒక మెట్టు తక్కువ హత్యానేరం) అని తేలింది. దాని తర్వాతే ఫెడరల్ జస్టిస్ డిపార్ట్‌మెంట్ ఎంక్వయిరీ, 2019 నుంచి కోర్టు పర్యవేక్షణలో సంస్కరణలు.

రాత్రిబండి:
థాంక్యూ అందరికీ, ఇంత ఉంటుందనుకోలేదు. మరి బాధితులకి ఏం దక్కింది, స్టేషన్ లోపల ఏమైనా మారిందా?

వాదప్రతివాది:
2015లో సిటీ కౌన్సిల్ 55 లక్షల డాలర్లు కేటాయించింది, 57 మందికి మనిషికి లక్ష దాకా అందింది. ఏళ్లకేళ్లు జైల్లో పోగొట్టుకున్నవాళ్లకి ఇది ఏపాటి చెప్పండి. కానీ డబ్బుతో పాటు వాళ్లు పట్టుబట్టి సాధించినవి ఉన్నాయి, అధికారికంగా క్షమాపణ, కౌన్సెలింగ్ సెంటర్, సిటీ కాలేజీల్లో ఫ్రీ చదువు, ఇంకా చికాగో గవర్నమెంట్ స్కూళ్లలో 8, 10 తరగతుల పిల్లలకి ఈ చరిత్ర పాఠంగా చెప్పాలి. ఇప్పుడు చెప్తున్నారు కూడా.

స్టేషన్ లోపల అంటే, 2003లో ఇల్లినాయ్ చట్టం తెచ్చింది, మర్డర్ కేసుల్లో అనుమానితుణ్ని స్టేషన్‌లో ప్రశ్నించేది మొదటి నుంచి చివరి దాకా రికార్డ్ చెయ్యాలి, చెయ్యకపోతే ఆ ఒప్పుకోలు కోర్టులో నిలబడటం చాలా కష్టం. అప్పట్లో రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న ఒబామా దాన్ని ముందుండి నడిపించాడు. 2011లో అక్కడ మరణశిక్షే ఎత్తేశారు. 2021లో ఇంకో చట్టం, మైనర్లని ప్రశ్నించేటప్పుడు పోలీసులు అబద్ధాలు చెప్పి ఒప్పించకూడదని. అమెరికాలో అలాంటి చట్టం మొదట తెచ్చిన రాష్ట్రం అదే.